ఇంట్లోని పిన్‌బాల్ యంత్రానికి టిల్ట్ సరిచేసుకోవడం ఎలా?

పిన్‌బాల్ యంత్రాన్ని ఇంటికి తెచ్చుకున్నవారు నెల తిరగకముందే నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే, కాకపోతే అది రెండు రూపాల్లో వస్తుంది. టిల్ట్, అంటే యంత్రాన్ని మరీ గట్టిగా ఊపితే ఆ బంతి ఆటను ఆపేసే ఏర్పాటు, చేయి ఆనీ ఆనకముందే పడి బంతి పోతోందని కొందరు వాపోతారు; ఎంత ఊపినా టిల్టే పడటం లేదు, లోపల ఏదో పాడయినట్టుందని మరికొందరు అనుమానపడతారు. రెండింటికీ మందు ఒకే చోట ఉంది. యంత్రం ముందువైపు నాణేలు వేసే తలుపు, అంటే కాయిన్ డోర్, తెరిచి లోపలికి చూస్తే ఎడమ గోడ దగ్గర వేలాడుతూ కనిపించే చిన్న లోహపు గుండును పైకో కిందికో జరపడమే ఆ మందు. పని అరగంటలో అయిపోతుంది గాని వరుస తప్పితే సాయంత్రమంతా మింగేస్తుంది. ఎందుకంటే చాలామంది మొదట ముట్టుకోవలసింది గుండును కాదు, యంత్రం కాళ్లను.

లోపల ఏం జరుగుతోంది

తాపీ మేస్త్రీ గోడ నిలువు చూసుకునే గుండు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. విడిభాగాల దుకాణంలో దీనిని ప్లంబ్ బాబ్ అని అడగాలి. పైన ఒక బ్రాకెట్టుకు కొక్కెంలా తగిలించిన సన్నని ఊచకు ఈ గుండును చిన్న చేతి స్క్రూతో బిగించి ఉంచుతారు. గుండు చుట్టూ, దానికి తగలకుండా, ఒక లోహపు రింగు ఉంటుంది. రింగు పెట్టెకు బిగించి ఉంటుంది కనుక మీరు యంత్రాన్ని తోసినప్పుడు అది పెట్టెతోపాటే కదులుతుంది, వేలాడే గుండు మాత్రం వెనకబడుతుంది. రెండూ తగిలాయంటే సర్క్యూట్ పూర్తయి యంత్రం ఒక హెచ్చరిక ఇస్తుంది. అనుమతించిన హెచ్చరికలు అయిపోయాక మళ్లీ తగిలితే ఫ్లిప్పర్లు (బంతిని కొట్టే చిన్న రెక్కలు) చచ్చుబడి బంతి పోతుంది. గుండుకూ రింగుకూ మధ్య చుట్టూ ఉన్న ఖాళీ ఎంతన్నదే టిల్ట్ బిగువును నిర్ణయిస్తుంది. ఖాళీ పెరిగితే టిల్ట్ వదులవుతుంది, తగ్గితే బిగుస్తుంది. సిద్ధాంతం ఇంతకుమించి అవసరం లేదు.

టిల్ట్‌ను ఆట చెడగొట్టే అడ్డంకిగా చూసేవారికి ఒక్క మాట చెప్పాలి. యంత్రాల రూపకర్త హ్యారీ విలియమ్స్ వీటికి టిల్ట్‌ను తెచ్చింది 1930లలో; ఫ్లిప్పర్లున్న తొలి యంత్రం, గాట్లీబ్ కంపెనీవారి హంప్టీ డంప్టీ, వచ్చింది 1947లో. ఫ్లిప్పర్ల కన్నా టిల్టే వయసులో పెద్దది. యంత్రాన్ని ఒడుపుగా తట్టి బంతిని కాపాడుకోవడం ఆటలో భాగమే. ఆ తట్టు ఎంతవరకు చెల్లుతుందో చెప్పేది ఈ గుండు.

దగ్గర ఉంచుకోవలసినవి

కాయిన్ డోర్ తాళంచెవి, మంచి టార్చి, ఒక చిన్న రసమట్టం, కాళ్ల అడుగున ఉండే లెవలర్లను తిప్పడానికి సైజు మార్చుకోగల రెంచి, ఒక స్క్రూడ్రైవర్, చెరగని మార్కర్ పెన్ను, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తని గుడ్డ, మూరెడు పొడవున్న చెక్క పుల్ల. రసమట్టం లేకపోతే ఫోనులోని యాప్ సరిపోతుంది గాని, ఫోను వీపున కెమెరా ఉబ్బెత్తుగా ఉంటే అది తప్పు చూపిస్తుంది. అడుగున ఒక చదునైన చెక్క ముక్క పెట్టి దానిమీద ఫోను ఉంచండి.

పని చేసే వరుస

1. ప్లగ్ తీసేయండి. యంత్రం స్విచ్ ఆపితే చాలదు, గోడ దగ్గర ప్లగ్ ఊడదీయాలి. కాయిన్ డోర్ లోపలి భాగం ఇరుకు. చాలా యంత్రాల్లో ఇంటి కరెంటు నేరుగా వచ్చే పెట్టె కూడా అక్కడే, గుండుకు ఎదురుగా కుడి వైపున ఉంటుంది. టార్చి నోట కరచుకుని, చూడకుండా చేయి పోనిచ్చే చోటు కాదది.

2. గుండు అసలు ఉందో లేదో చూడండి. ఇది హాస్యంగా తోచవచ్చు. యంత్రాన్ని తరలించేటప్పుడు గుండు ఊగి ఊడిపోకుండా దాన్ని తీసి సంచిలో పెట్టి నాణేల పెట్టెలో పడేయడం మామూలే. కొత్త యంత్రాలకు కూడా గుండు విడిగా, చిన్న సంచిలో వస్తుంది. నేను పాత యంత్రమొకటి కొన్నప్పుడు ఎంత ఊపినా టిల్ట్ పడకపోతే సర్క్యూట్ బోర్డు పోయిందని రెండు వారాలు మథనపడ్డాను. తీరా చూస్తే గుండు నాణేల పెట్టె అడుగున, పాత ఫ్యూజుల మధ్య, పసుపు కాగితంలో చుట్టి ఉంది. మీ యంత్రంలో ఊచ మాత్రమే వేలాడుతూ ఉంటే ముందు ఆ పెట్టె వెతకండి. ఊచ కూడా లేకపోతే రెండూ కలిపి కొత్తవి కొనుక్కోవచ్చు, ఖరీదైన వస్తువులు కావు.

3. కాళ్లను సరిచేయండి. అందరూ దాటవేసే మెట్టు ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. గుండు ఎప్పుడూ భూమికి నిట్టనిలువుగానే వేలాడుతుంది, రింగు మాత్రం పెట్టెతోపాటు వాలుతుంది. యంత్రం ఎడమకో కుడికో ఒరిగి ఉంటే గుండు రింగులో ఒక పక్కకు చేరి, ఆ పక్కకు కొంచెం తోసినా తగులుతుంది, రెండో పక్కకు ఎంత తోసినా తగలదు. అందుకే ముందు నాలుగు కాళ్ల బోల్టులూ బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. వదులుగా ఉంటే పెట్టె అవసరానికి మించి ఊగుతుంది, దానితోపాటు గుండూ ఊగుతుంది. తరువాత అద్దం తీసి, రసమట్టాన్ని ఆట పలకమీద అడ్డంగా పెట్టండి. అద్దంమీదో పక్క పట్టీలమీదో పెడితే లెక్క తప్పుతుంది. పెట్టెకూ లోపలి పలకకూ తేడా ఉండటం అరుదేమీ కాదు. పలక పైభాగంలో ఒకసారి, ఫ్లిప్పర్ల దగ్గర ఒకసారి చూసి, బుడగ మధ్యకు వచ్చేవరకు లెవలర్లు తిప్పండి. ముందు వెనకల వాలు ఎలక్ట్రానిక్ యంత్రాలకు సాధారణంగా 6.5 డిగ్రీలు, 1970ల దాకా వచ్చిన, ఎలక్ట్రానిక్ బోర్డులు లేకుండా రిలేలతో (విద్యుదయస్కాంత స్విచ్చులతో) నడిచే యంత్రాలకు 3.5 డిగ్రీల దరిదాపు.

యంత్రం 110 నుంచి 135 కిలోల దాకా తూగుతుంది. లెవలర్ తిప్పడానికి ఒక మూల ఎత్తవలసి వస్తే ఇంకొకరి సాయం తీసుకోండి, కాలి వేళ్లు కింద ఉంచకండి. దళసరి తివాచీ మీద ఉంచిన యంత్రం మొదటి కొన్ని వారాల్లో కొద్దికొద్దిగా దిగుతుంది. అలాంటి చోట లెవలర్ల కింద వెడల్పాటి కప్పులు పెట్టడం మేలు. నున్నటి టైల్స్ మీద సమస్య వేరు: యంత్రం ఊగడానికి బదులు జారుతుంది. కాళ్ల కింద పట్టున్న రబ్బరు ముక్కలు వేశాకే టిల్ట్ సంగతి చూడండి.

4. గుండును రింగు మధ్యకు తీసుకురండి. కాళ్లు సరిచేశాక గుండు పూర్తిగా నిశ్చలం అయ్యేవరకు ఆగి, టార్చి వెలుతురులో పైనుంచీ పక్కనుంచీ చూడండి. చుట్టూ ఖాళీ సమానంగా కనిపించాలి. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ ఉంటే ముందు ఊచ వంగిందేమో చూడండి. వంగితే బయటికి తీసి నేలమీద దొర్లిస్తూ తిన్నగా చేయవచ్చు. ఊచ బాగానే ఉంటే చాలా యంత్రాల్లో బ్రాకెట్టు స్క్రూలు కొద్దిగా వదులు చేసి దాన్ని జరపడానికి వీలుంటుంది. ఊచ పైకొస కొక్కెంలో స్వేచ్ఛగా ఊగుతోందో లేదో కూడా వేలితో తట్టి చూడండి. తుప్పు పట్టి బిగుసుకున్న కొక్కెం ఒక రోజు ఒక తీరున, మరో రోజు ఇంకో తీరున పనిచేస్తుంది.

5. తగిలే చోట్లను తుడవండి. ఆల్కహాల్ తడిపిన గుడ్డతో గుండు చుట్టూ, రింగు లోపలి అంచు, పైన కొక్కెం తగిలే చోటు తుడవాలి. నల్లని మరక పోకపోతే గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్‌తో తేలికగా రుద్దండి. గరుకు కాగితం వద్దు, అది పైపూత తీసేస్తుంది. రింగుకూ బ్రాకెట్టుకూ టంకం వేసిన రెండు తీగలు గట్టిగా ఉన్నాయో లేదో ఇదే ఊపులో చూసేయండి.

6. గుర్తు పెట్టి, తరువాత జరపండి. గుండు ఇప్పుడు ఊచమీద ఎక్కడ ఉందో మార్కర్‌తో సన్నని గీత గీయండి. ఈ గీత లేకపోతే మూడో ప్రయత్నానికల్లా ఎక్కడ మొదలుపెట్టారో మరిచిపోతారు. తరువాత ఒక చేత్తో గుండును పట్టుకుని, రెండో చేత్తో స్క్రూ వదులు చేయండి. పట్టుకోకపోతే అది టప్పున జారి పెట్టె అడుగుకు పడుతుంది.

ఎటు జరపాలి అన్నచోటే సలహాలు ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి, అవి విన్నవారు తికమకపడతారు. చాలా యంత్రాల్లో గుండు క్యారెట్ ఆకారంలో, సన్నని కొస కిందికి ఉంటుంది. అలాంటి గుండును పైకి జరిపితే రింగుకు ఎదురుగా సన్నని భాగం వచ్చి ఖాళీ పెరుగుతుంది, టిల్ట్ వదులవుతుంది. కిందికి దించితే లావు భాగం వచ్చి ఖాళీ తగ్గుతుంది, టిల్ట్ బిగుస్తుంది. అయితే గుండు ఆకారం, రింగు ఉన్న ఎత్తు అన్ని యంత్రాల్లోనూ ఒకటి కావు. అందుచేత పైకా కిందికా అని ఎవరినీ అడగకుండా, గుండును జరుపుతూ రింగు దగ్గరి ఖాళీనే చూడండి. మీ కళ్లు చెప్పేదే నిజం. ఒకసారికి రెండు మిల్లీమీటర్లకు మించి జరపకండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే చుట్టూ ఆరు మిల్లీమీటర్లు, అంటే సుమారు పావు అంగుళం ఖాళీతో మొదలుపెట్టండి. ఇది నా అలవాటు మాత్రమే, ఏ కంపెనీ నియమమూ కాదు.

స్క్రూను వేళ్లతోనే బిగించండి. పట్టకారుతో బిగిస్తే మరలు అరిగిపోతాయి, ఆ తరువాత గుండు ఎక్కడా నిలవదు.

7. స్విచ్ టెస్టులో చూడండి. చేతులు బయటికి తీశాక ప్లగ్ పెట్టి యంత్రాన్ని ఆన్ చేయండి. కాయిన్ డోర్ లోపలి బటన్లతో టెస్ట్ మెనూలోకి వెళ్లి స్విచ్ టెస్ట్ ఎంచుకోండి. 1990లలో వచ్చిన విలియమ్స్, బాలీ కంపెనీల యంత్రాల్లో దీన్ని స్విచ్ ఎడ్జెస్ అంటారు, టిల్ట్ గుండు అక్కడ 14వ నంబరు స్విచ్. చెక్క పుల్లతో గుండును మెల్లగా నెట్టి రింగుకు తాకించండి. తాకినప్పుడల్లా తెరమీద పేరు పడాలి, వదలగానే పోవాలి. నాలుగు దిక్కులా చేసి చూడండి. తాకించకుండానే పేరు తెరమీద నిలిచి ఉంటే గుండు ఎక్కడో ఆనుకుని ఉంది, లేదా తీగలు కలిసిపోయాయి. తాకించినా పేరు పడకపోతే మళ్లీ అయిదో మెట్టుకు వెళ్లాలి; మరకో, ఊడిన తీగో కారణం అయి ఉంటుంది.

8. మూడు తట్లతో పరీక్షించండి. ఆట మొదలుపెట్టి, బంతిని ఒక ఫ్లిప్పర్ మీద ఆపి, ఈ మూడింటినీ వరుసగా చేయండి. ఒక్కో తట్టుకు మధ్య అయిదారు సెకన్లు ఆగండి, గుండు ఊగడం ఆగాలి.

మొదటిది, అరచేతి మడమతో పెట్టె పక్కన ఒక చిన్న తట్టు, తలుపు తట్టినంత. దీనికి హెచ్చరిక రాకూడదు. రెండోది, రెండు చేతులతో పెట్టెను ఒక పక్కకు, అడుగు కదలకుండా పైభాగం మాత్రం ఊగేలా తోయడం. దీనికి హెచ్చరిక వస్తే రావచ్చు, కొన్నిసార్లు రాకపోవచ్చు. సరైన టిల్ట్ ఈ గీటుమీదే ఉంటుంది. మూడోది, కాళ్లు నేలమీద ఒక పిసరు జరిగేంత తోపు. దీనికి హెచ్చరిక తప్పక రావాలి. మొదటిదానికే వస్తే ఖాళీ పెంచండి, మూడోదానికీ రాకపోతే తగ్గించండి. ప్రతి మార్పుకూ ప్లగ్ తీసి, జరిపి, మళ్లీ పెట్టడం విసుగే, కానీ రెండు మూడు సార్లకు మించి అవసరం రాదు.

ఈ పరీక్ష తరువాత కనీసం నాలుగైదు ఆటలు మామూలుగా ఆడండి. పరీక్ష కోసం తట్టే చేయి, బంతి మధ్యలోంచి జారిపోతున్నప్పుడు తట్టే చేయి ఒకటి కావు.

9. చివరగా మాత్రమే మెనూ ముట్టుకోండి. ఎలక్ట్రానిక్ యంత్రాల్లో అడ్జస్ట్‌మెంట్స్ కింద టిల్ట్ వార్నింగ్స్ అనే వరుస ఉంటుంది. చాలావాటిలో రెండు హెచ్చరికలు ఇచ్చి మూడోసారి టిల్ట్ చేయడం మామూలు అమరిక. 1990ల విలియమ్స్ యంత్రాల్లో ఈ మార్పు నిలవాలంటే కాయిన్ డోర్ తెరిచే ఉండాలి. పిల్లలు ఎక్కువగా ఆడే ఇంట్లో ఒక హెచ్చరిక పెంచవచ్చు. ఆట నేర్చుకోవాలనే పట్టుదల ఉంటే ఒకటి తగ్గించవచ్చు. కొత్త తరం యంత్రాలు కొన్నింటిలో ఒక హెచ్చరిక తరువాత కొంత సమయం దాకా రెండోదాన్ని లెక్కించకుండా ఉంచే అమరిక కూడా ఉంది. ఒకే తోపుకు గుండు అటూ ఇటూ ఊగి రెండు హెచ్చరికలు తెచ్చిపెట్టడాన్ని ఆటగాళ్లు డబుల్ డేంజర్ అంటారు. అది మిమ్మల్ని బాధిస్తుంటే ఈ అమరికను కాస్త పెంచి చూడండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

గుండును తీసేయడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. సంక్రాంతికి ఇంటినిండా బంధువులు వచ్చినప్పుడు పిల్లలు టిల్ట్ వల్ల ఏడుస్తున్నారని మా బావమరిది ఒకసారి గుండు తీసి జేబులో వేసుకున్నాడు. గంట తిరక్కుండా యంత్రం గోడ దాకా జరిగింది, ముందు కాలి బోల్టు ఒకటి వదులైంది, ఆటలో అందరూ బంతిని చూడటం మాని పెట్టెను చూడసాగారు. హద్దు లేదని తెలిస్తే చిన్నవాళ్లు ముందు భాగాన్ని ఎత్తడానికి కూడా వెనకాడరు. అంత బరువు చిన్న చేతుల్లోంచి జారితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. టిల్ట్‌ను పూర్తిగా వదులు చేయండి గాని తీసేయకండి.

గుండు సరిచేయకుండా హెచ్చరికలను పదికి పెంచడం రెండోది. అప్పుడు ముట్టుకుంటే హెచ్చరిక మోగుతుంది, టిల్ట్ మాత్రం పడదు, చివరికి ఆ మోతను ఎవరూ పట్టించుకోరు.

మూడోది స్లామ్ టిల్ట్‌ను దీనితో కలగలపడం. బంతి ఒక్కటే పోకుండా అందరి ఆటా ఒక్కసారిగా ముగిసిపోతే అది గుండు పని కాదు. కాయిన్ డోర్ లోపలి వైపు, కొసన చిన్న బరువున్న సన్నని రేకు స్విచ్ ఒకటి ఉంటుంది. తలుపును తన్నినా గుద్దినా స్పందించేది అదే. దాని రెండు రేకులు మరీ దగ్గరగా ఉంటే కొద్దిగా ఎడం చేయవచ్చు. కానీ గాట్లీబ్ వారి పాత ఎలక్ట్రానిక్ యంత్రాలు కొన్నింటిలో ఈ స్విచ్ ఎప్పుడూ మూసి ఉండే రకం, తెరుచుకుంటే యంత్రం ఆటే మొదలుపెట్టదు. మీ యంత్రం మాన్యువల్ చూడకుండా దాన్ని వంచకండి.

ఒకరి బంతి టిల్ట్ అయ్యాక గుండు ఊపు ఆగకముందే తరువాతివారి బంతి మొదలై వారికి హెచ్చరిక పడటం కూడా ఫిర్యాదుగా వస్తుంది. అందులో యంత్రం తప్పేమీ లేదు. బంతిని ఆటలోకి వదిలే ప్లంజర్ లాగే ముందు కొద్ది సెకన్లు ఆగమని ఇంట్లో అందరికీ చెప్పండి.

రిలేల యంత్రం ఉన్నవారికి

మీది 1960ల, 1970ల నాటి యంత్రమైతే గుండు పక్కనే వాలుగా అమర్చిన చిన్న పట్టాలమీద ఒక బంతి కనిపిస్తుంది. ముందు భాగాన్ని ఎత్తితే అది వెనక్కు దొర్లి రేకులను తాకుతుంది, టిల్ట్ పడుతుంది. యంత్రం కాళ్లు మార్చాక ఆ బంతి తన చోట నిలవకపోతే పట్టాల వాలును స్క్రూ వదులు చేసి కొంచెం మార్చాలి. ఈ యంత్రాల్లో సాధారణంగా హెచ్చరికలు ఉండవు, మొదటి తాకుడుకే టిల్ట్. కనుక గుండు చుట్టూ ఖాళీ ఎలక్ట్రానిక్ యంత్రం కన్నా కాస్త ఎక్కువే ఉంచండి. స్విచ్ టెస్ట్ మెనూ కూడా ఉండదు. ఆట మొదలుపెట్టి, పొడి చెక్క పుల్లతో గుండును ఒకసారి తాకించి, టిల్ట్ దీపం వెలిగిందా, ఫ్లిప్పర్లు ఆగాయా అని చూడటమే పరీక్ష. తొడుగు లేని తీగలు చాలా ఉంటాయి, కరెంటు ఉండగా చేయి లోపల పెట్టవద్దు.

పని ముగిశాక ఊచమీద చివరి స్థానానికి రెండో గీత గీసి, పాత గీతను తుడిచేయండి. యంత్రాన్ని ఇంకో గదికి మార్చినా, తివాచీ మార్చినా, వాలు పెంచినా తగ్గించినా ఆ గీత పనికిరాదు. మూడో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.